మామూలు యూజర్ అడిగితే మాడ్యూల్ లోడ్ కావాలా? నిర్ణయం అడ్మిన్‌కు వదలండి

లినక్స్ కెర్నెల్ నిర్వాహకులకు, డెబియన్, ఉబుంటు, ఫెడోరా తదితర డిస్ట్రోల బృందాలకు, బాస్ లినక్స్ తయారుచేస్తున్న ప్రభుత్వ సంస్థ సీడాక్ ఇంజనీర్లకు,

నమస్కారం.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్లు చూసుకుంటాను. మా ల్యాబ్ సర్వర్‌లో వందల మంది విద్యార్థులకు లాగిన్ ఉంది. సీలో ప్రోగ్రాములు రాస్తారు, కంపైల్ చేస్తారు, నడుపుతారు. ఆ సర్వర్ ఉన్నదే అందుకు. వాళ్లలో ఎవరికీ రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ తెలియదు, సుడోతో ఆ అధికారం వాడుకునే అనుమతి లేదు. అయినా వాళ్లలో ఎవరైనా ఒక్క లైన్ కోడ్‌తో ఒక సాకెట్ (ప్రోగ్రాములు డేటా పంపుకునే మార్గం) తెరిచి, నేను ఎన్నడూ అడగని, మా సర్వర్‌లో ఎవరికీ పనికిరాని ఒక మాడ్యూల్‌ను, అంటే అవసరాన్ని బట్టి తగిలించుకునే కోడ్ ముక్కను, నేరుగా సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌లోకి రప్పించగలరు. కెర్నెల్ అలా పనిచేయాలనే మీరు రాశారు. అది వద్దనుకునేవాళ్లు ఆపుకునే వీలు కల్పించండి అని అడగడానికే ఈ లేఖ.

తెలుగులో ఎందుకంటే, ఇలాంటి సర్వర్లు నడిపేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఏ ఊళ్లో ఏ కాలేజీకి వెళ్లినా ఒక లినక్స్ మెషీన్ ఉంటుంది, దాన్ని చూసుకునే మనిషి ఒకరుంటారు. మన సర్వర్‌లో ఏం జరుగుతోందో ముందు మనకు తెలియాలి. అప్పుడే మీ ముందు గట్టిగా అడగగలం.

మాడ్యూళ్లు వాటంతట అవి లోపలికి వచ్చే దారులు రెండు. ఈ రెంటినీ కలిపి మాట్లాడడం వల్లే చర్చ ప్రతిసారీ పక్కదారి పడుతోంది. మొదటిది హార్డ్‌వేర్ దారి. మీరు యూఎస్‌బీ పరికరం గుచ్చితే అది తానెవరో చెబుతుంది, కెర్నెల్ ఆ సంగతి యూడెవ్ అనే ప్రోగ్రామ్‌కు చేరవేస్తుంది, యూడెవ్ సరిపోయే డ్రైవర్‌ను వెతికి లోడ్ చేస్తుంది. ఒక వస్తువు నిజంగా మెషీన్‌కు తగిలింది కాబట్టి డ్రైవర్ వచ్చింది. దీని జోలికి నేను పోవడం లేదు. ఇది లేకపోతే లినక్స్ డెస్క్‌టాప్ అన్న మాటే ఉండదు.

రెండోది కెర్నెల్ లోపలే ఉన్న రిక్వెస్ట్ మాడ్యూల్ అనే ఫంక్షన్. ఏదో ఒక ప్రోగ్రామ్, ఆ క్షణానికి కెర్నెల్‌లో లేని ప్రోటోకాల్‌తో సాకెట్ కావాలంటుంది. "లేదు" అని చెప్పేబదులు కెర్నెల్ బయటికి వెళ్లి మాడ్యూళ్లు లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ అనే ప్రోగ్రామ్‌ను రూట్ అధికారంతో నడుపుతుంది. 21వ నంబర్ ప్రోటోకాల్ కుటుంబాన్ని అడిగితే "నెట్-పీఎఫ్-21" అన్న మారుపేరుతో వెతుకుతుంది, దానికి ఎదురుగా రాసి ఉన్న ఆర్‌డీఎస్ మాడ్యూల్ లోపలికి వచ్చి కూర్చుంటుంది. అడిగిన మనిషికి మాడ్యూల్ లోడ్ చేయించే అధికారం ఉందా అని ఈ దారిలో చాలా చోట్ల ఎవరూ చూడరు. నా అభ్యంతరమంతా ఈ రెండో దారి గురించే.

ఈ పద్ధతి పుట్టినప్పుడు దానికి సరైన కారణమే ఉంది. 1990లలో మెషీన్‌లో మెమరీ కొన్ని మెగాబైట్లే. అవసరం పడినప్పుడే కోడ్ తెచ్చుకోవాలన్నది తెలివైన ఆలోచన. మొదట కెర్నెల్‌డీ అనే డెమన్ (వెనక నడుస్తుండే ప్రోగ్రామ్) ఈ పని చేసేది. 1999లో వచ్చిన 2.2 కెర్నెల్‌తో ఆ బాధ్యత కెర్నెల్ లోపలికే వచ్చింది. ఆనాటి డిస్క్‌లో ఉన్న మాడ్యూళ్లు తక్కువ, వాటిలో చాలావరకు అడ్మిన్ తానే కంపైల్ చేసుకున్నవి. ఇవాళ డిస్ట్రో ఇచ్చే కెర్నెల్‌తో పాటు వేల మాడ్యూళ్లు వస్తాయి. ఒకే ప్యాకేజీ ల్యాప్‌టాప్‌కూ, టెలికాం స్విచ్‌కూ, డేటాబేస్ క్లస్టర్‌కూ సరిపోవాలి కాబట్టి మీరు అన్నీ కలిపి ఇస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ వాటిలో మా మెషీన్ వాడేవి చాలా కొద్ది. మిగతావన్నీ డిస్క్‌లో నిద్రపోతూ, ఏ యూజర్ పిలిచినా లేచి వచ్చేలా ఉన్నాయి. వాటిని రాసినవాళ్లు ఎప్పుడో వేరే పనుల్లోకి వెళ్లిపోయారు, వాడేవాళ్లు తక్కువ, మళ్లీ చదివి చూసేవాళ్లు ఇంకా తక్కువ. బగ్‌లు ఏళ్ల తరబడి దాగేది సరిగ్గా అలాంటి చోటే.

దీని ఫలితం మీకు తెలియనిది కాదు. 2010 అక్టోబర్‌లో డాన్ రోజెన్‌బర్గ్ ఆర్‌డీఎస్‌లో బయటపెట్టిన లోపం సీవీఈ-2010-3904 (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపాలకు ఇచ్చే నంబర్). యూజర్ ఇచ్చిన అడ్రస్‌ను సరిచూడకుండా కెర్నెల్ అక్కడ రాసేది, దాంతో మామూలు యూజర్ రూట్ అయ్యేవాడు. ఆర్‌డీఎస్ అన్నది ఒరాకిల్ తన డేటాబేస్ క్లస్టర్ల కోసం తయారుచేసుకున్న ప్రోటోకాల్. ఒరాకిల్ క్లస్టర్ అన్న మాటే వినని మెషీన్లు కూడా ప్రమాదంలో పడ్డాయి, ఎందుకంటే మాడ్యూల్‌ను దాడి చేసేవాడే పిలిపించుకోగలడు.

2017 ఫిబ్రవరిలో డీసీసీపీ అనే మరో నెట్‌వర్క్ ప్రోటోకాల్ వంతు వచ్చింది. ఆండ్రే కొనొవలోవ్ సిజ్‌కాలర్ అనే ఫజ్జింగ్ టూల్‌తో (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్‌లు ఇచ్చి లోపాలు వెతికేది) పట్టుకున్న ఈ బగ్, సీవీఈ-2017-6074, డీసీసీపీ కెర్నెల్‌లోకి వచ్చిన 2005 నుంచీ అక్కడే ఉంది. ఒకే మెమరీని రెండుసార్లు ఫ్రీ చేసే తప్పు. పదకొండేళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు, ఎందుకంటే డీసీసీపీని ఎవరూ వాడలేదు. చివరికి వాడకం లేదనే 2025లో 6.16 కెర్నెల్ నుంచి డీసీసీపీని మీరే తొలగించారు. అంటే ఇరవై ఏళ్ల పాటు ఎవరికీ అవసరం లేని కోడ్‌ను లక్షల సర్వర్లలో ఏ యూజరైనా నిద్రలేపగలిగాడు. ఆ లక్షల అడ్మిన్లలో దాన్ని కోరుకున్నవాళ్లు ఎంతమంది?

మరుసటి నెల, 2017 మార్చిలో, అలెగ్జాండర్ పొపోవ్ ఎన్-హెచ్‌డీఎల్‌సీ అనే మాడ్యూల్‌లో రేస్ కండిషన్ (రెండు పనులు ఒకేసారి జరిగి తారుమారయ్యే లోపం) బయటపెట్టాడు. సీవీఈ-2017-2636. అది 2009 నుంచి ఉన్న లోపం. హెచ్‌డీఎల్‌సీ సింక్రనస్ సీరియల్ లైన్లకు సంబంధించింది. అలాంటి హార్డ్‌వేర్ మెషీన్‌లో ఉండాల్సిన పని కూడా లేదు. మామూలు యూజర్ ఒక సూడో టెర్మినల్ తెరిచి, దాని లైన్ డిసిప్లిన్ (టెర్మినల్ గుండా వచ్చిపోయే డేటాను నడిపే కోడ్) మార్చమని అడిగితే చాలు, మాడ్యూల్ వచ్చేసేది. 2021లో అదే పొపోవ్ వీసాక్ అనే సాకెట్ మాడ్యూల్‌లో కనిపెట్టిన సీవీఈ-2021-26708 కూడా ఇదే తోవ. సాకెట్ అడగగానే మాడ్యూల్ లోడ్, ఆ తర్వాత రూట్.

ఈ నాలుగింటిలోనూ బగ్‌లు వేరు, రాసినవాళ్లు వేరు, కాలాలు వేరు. తలుపు మాత్రం ఒక్కటే.

"బగ్ ఉంటే బగ్‌ను సరిచేద్దాం, తలుపుతో పనేమిటి" అని మీలో కొందరు అంటారు. సరిచేస్తున్నారు, అందుకు కృతజ్ఞతలు కూడా. కానీ ప్రతిసారీ ఎవరో ఎక్స్‌ప్లాయిట్ (బగ్‌ను వాడుకుని దాడి చేసే కోడ్) రాశాక, ప్యాచ్ వచ్చాక, నేను కెర్నెల్ అప్‌డేట్ చేసి, పరీక్షలు లేని రోజు చూసుకుని సర్వర్ రీబూట్ చేసేదాకా నా మెషీన్ తెరిచే ఉంటుంది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడమే ఇది. ఆ మాడ్యూల్ లోపలికి రాకుండా ఉంటే ఆ బగ్ నా సర్వర్‌కు వార్త మాత్రమే అయ్యేది.

తలుపును మీరు అసలు ముట్టుకోలేదని కూడా అనను. 2011 దాకా నెట్‌వర్క్ అడ్మిన్ అధికారం మాత్రమే ఉన్న ప్రాసెస్ "ఐఎఫ్‌కాన్ఫిగ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్" అని కొడితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్ లోడయ్యేది. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరుగా ఏం చెప్పినా దాన్నే మాడ్యూల్ పేరు అనుకుని వెతికేది కెర్నెల్. పేరు ముందు "నెట్‌డెవ్" అన్న గుర్తు తప్పనిసరి చేసి దాన్ని మూశారు. మౌంట్ కాల్ ద్వారా ఫైల్‌సిస్టమ్ కాని మాడ్యూల్ కూడా లోడ్ చేయించవచ్చని తెలిశాక 2013లో "ఎఫ్ఎస్" గుర్తు వచ్చింది. క్రిప్టో సాకెట్ ద్వారా మామూలు యూజర్ ఏ మాడ్యూల్‌నైనా పేరుతో పిలవగలడని తెలిశాక, 2015లో వచ్చిన 3.19లో "క్రిప్టో" గుర్తు వచ్చింది. 2019లో 5.1 కెర్నెల్‌తో లైన్ డిసిప్లిన్లకు ఏకంగా ఒక స్విచ్చే ఇచ్చారు. ఆ సెట్టింగ్‌ను సున్నా చేస్తే, మాడ్యూల్ లోడ్ చేసే అధికారం, అంటే క్యాప్-సిస్-మాడ్యూల్, ఉన్న ప్రాసెస్ అడిగితేనే లైన్ డిసిప్లిన్ వస్తుంది.

ఆ చివరిదాన్ని ఇంకోసారి చూడమని నా మనవి. నేను అడుగుతున్నది సరిగ్గా అదే. టెర్మినల్ లైన్ల విషయంలో న్యాయమని మీరే ఒప్పుకుని, రాసి, విడుదల చేసిన సూత్రం సాకెట్లకూ, క్రిప్టోకూ, రిక్వెస్ట్ మాడ్యూల్ పిలిచే మిగతా అన్ని చోట్లకూ వర్తించాలి. ఒక్క గదికి గడియ పెట్టుకోనిచ్చి మిగతా గదులకు వద్దనడానికి కారణం నాకు కనబడడం లేదు.

ఇప్పుడే ఉన్న సాధనాలు వాడుకోవచ్చు కదా అంటారేమో. వాడుతున్నాను. వాటితో పడే ఇబ్బంది చెబుతాను.

అందరికీ తెలిసినది మోడ్‌ప్రోబ్ కాన్ఫిగరేషన్‌లో బ్లాక్‌లిస్ట్ రాయడం. చాలామంది అడ్మిన్లు "బ్లాక్‌లిస్ట్" అని ఒక లైన్ రాసి నిశ్చింతగా ఉంటారు. ఆ పదం మాడ్యూల్ లోపల రాసి ఉన్న మారుపేర్లను మాత్రమే పట్టించుకోవద్దని చెబుతుంది. అసలు పేరుతో పిలిచినా, వేరే మాడ్యూల్ దాని మీద ఆధారపడినా అది వస్తుంది. నిజంగా ఆపాలంటే "ఇన్‌స్టాల్" అనే ఆదేశం పెట్టి, మాడ్యూల్ బదులు విఫలమయ్యే ప్రోగ్రామ్‌ను నడపమనాలి. ఈ తేడా తెలియక మోసపోయేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. అది తెలిసినా వేల మాడ్యూళ్లలో వేటిని రాయాలి? ఉబుంటు ఒక మంచి పని చేసింది. ఎక్స్.25, డెక్‌నెట్, ఎకోనెట్, ఆర్‌డీఎస్ లాంటి అరుదైన ప్రోటోకాళ్లు తమంతట లోడ్ కాకుండా ఒక ఫైల్ ముందే పెట్టి ఇస్తుంది. ఫెడోరా అరుదైన మాడ్యూళ్లను విడి ప్యాకేజీలోకి నెట్టింది. రెండూ మెచ్చుకోదగ్గవే. కానీ "అరుదైనది" అని ప్రపంచం మొత్తానికీ కలిపి ఎవరు నిర్ణయిస్తారు? వీసాక్ అరుదైనది కాదు, వర్చువల్ మెషీన్లు తమ హోస్ట్‌తో మాట్లాడుకునేది దాంతోనే. వర్చువల్ మెషీన్లే లేని మా ల్యాబ్ సర్వర్‌లో దానికి ఏ పనీ లేదు. అవసరం మెషీన్‌ను బట్టి మారుతుంది. ఆ సంగతి మెషీన్ నడిపేవాడికే తెలుస్తుంది.

2009లో 2.6.31తో వచ్చిన మాడ్యూల్స్-డిజేబుల్డ్ సెట్టింగ్ ఉంది. దాన్ని 1 చేశారంటే మళ్లీ రీబూట్ చేసేదాకా ఎవరూ ఏ మాడ్యూలూ లోడ్ చేయలేరు, రూట్ కూడా. బూట్ అయ్యాక ఏ మార్పూ ఉండని మెషీన్‌కు అది చక్కగా సరిపోతుంది. మా దగ్గర అలా కుదరదు. బ్యాకప్ కోసం కొత్త యూఎస్‌బీ డిస్క్ తగిలించాలి, మధ్యలో ఫైర్‌వాల్‌లో ఒక రూల్ కలపాలి, దానికో మాడ్యూల్ కావాలి. రాత్రి పదకొండుకు ఆ చిన్న పని కోసం, విద్యార్థుల ప్రాజెక్టులు నడుస్తున్న సర్వర్‌ను రీబూట్ చేయాలంటే టెన్షన్ ఎవరికి? రెండు రోజులు అలా గడిచాక ఏ అడ్మిన్ అయినా ఆ సెట్టింగ్ తీసేస్తాడు.

మోడ్‌ప్రోబ్ దారి చెప్పే సెట్టింగ్‌ను ఖాళీ చేస్తే కెర్నెల్ తనంతట లోడ్ చేయడం పూర్తిగా ఆగుతుందని మీ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అప్పుడు రూట్‌గా నేను ఒక ఎక్స్‌ఎఫ్‌ఎస్ డిస్క్‌ను మౌంట్ చేసినా, ఆ మాడ్యూల్ అప్పటికే లోపల లేకపోతే అదీ రాదు. అడిగింది నేనా, విద్యార్థి ప్రోగ్రామా అన్న తేడా దానికి తెలియదు. సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీలో వాటికి ప్రొటెక్ట్-కెర్నెల్-మాడ్యూల్స్ అనే రక్షణ ఉంది కానీ, అది నేరుగా చేసే లోడింగ్‌నే ఆపుతుందనీ, కెర్నెల్ తనంతట చేసే లోడింగ్ కొంత జరుగుతూనే ఉండవచ్చనీ, అదీ వద్దంటే మాడ్యూల్స్-డిజేబుల్డ్ చూసుకోమనీ దాని మాన్యువలే చెబుతుంది. అంటే తిరిగి మొదటికే వచ్చాం. ఇక కెర్నెల్‌ను సొంతంగా కంపైల్ చేసుకోమనే సలహా ఒకటి ఉంది. ప్రతి సెక్యూరిటీ అప్‌డేట్‌కూ ఆ పని చేసే తీరిక ఒక్కడే అడ్మిన్ ఉన్న కాలేజీలో ఎవరికీ ఉండదు. ఓపెన్‌బీఎస్‌డీ 2015లో వచ్చిన 5.7 నుంచి లోడ్ చేసుకునే మాడ్యూళ్లనే తీసేసింది. వాళ్ల ప్రపంచానికి అది తగిన నిర్ణయం. లినక్స్‌ను అంత దూరం రమ్మని నేను అడగను.

అన్నీ ఆపడానికీ, అన్నీ వదిలేయడానికీ మధ్య ఉండాల్సిన మెట్టు ఒకటి మీ ముందుకు వచ్చింది కూడా. 2017లో జలాల్ హరౌనీ పంపిన ప్యాచ్‌లలో మూడు విలువలున్న ఒక సెట్టింగ్ ఉంది. సున్నా అంటే ఇప్పుడున్నట్టే. ఒకటి అంటే అధికారం ఉన్నవాళ్లు అడిగితేనే లోడ్. రెండు అంటే ఎవరు అడిగినా ఆటోమేటిక్‌గా రాదు. మెషీన్ మొత్తానికే కాకుండా ఒక్కో ప్రాసెస్‌కూ విడిగా పెట్టుకునే వీలు కూడా అందులో ఉంది. అది మెయిన్‌లైన్‌లోకి, అంటే అధికారిక కెర్నెల్‌లోకి, రాలేదు.

దాని మీద వచ్చిన అభ్యంతరాల్లో అన్నిటికంటే బలమైనది: ఎంచుకుంటేనే పనిచేసే రక్షణను ఎంచుకునేవాళ్లు కొద్దిమందే, మిగతావాళ్లకు దాని వల్ల ఒరిగేది లేదు. ఈ మాటలో నిజం ఉంది. డిఫాల్ట్‌గా మార్చేస్తే, నడుస్తున్న ప్రోగ్రాములను విరగ్గొట్టకూడదన్న మీ పాత నియమానికి అడ్డం వస్తుందన్నదీ నిజమే. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి "కాబట్టి ఏమీ చేయొద్దు" అనుకోవడమే నాకు మింగుడుపడదు. ఎంపిక కెర్నెల్‌లో ఉంటే డిస్ట్రోలు దాన్ని సర్వర్ ఇమేజ్‌లలో ఆన్ చేసి ఇవ్వగలవు, డెస్క్‌టాప్‌లో అలాగే వదలగలవు. ఒక్కో ప్రోటోకాల్‌ను ఎంచి కూర్చునే శ్రమ వాళ్లకూ తప్పుతుంది. ఎంపికే లేనప్పుడు వాళ్లు ఆన్ చేయడానికి ఏముంది?

ఏవి విరుగుతాయో కూడా దాచకుండా మాట్లాడుకుందాం. రూట్ లేకుండా పోడ్‌మన్ అనే టూల్‌తో కంటైనర్లు (విడిగా కట్టిపెట్టిన ప్రోగ్రాములు) నడిపేవాళ్లకు టన్, ఫ్యూజ్ మాడ్యూళ్లు చాలాసార్లు కావాల్సి వస్తాయి. అవి ముందే లోడ్ అయి లేకపోతే కంటైనర్ లేవకపోవచ్చు. కెర్నెల్ క్రిప్టో సాకెట్ వాడే టూల్స్ కొన్ని మామూలు యూజర్ పేరుతోనే నడుస్తాయి, అవీ ఆగవచ్చు. దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. బూట్ సమయంలో లోడ్ చేయాల్సిన మాడ్యూళ్ల పేర్లు రాసుకునే ఫోల్డర్ సిస్టమ్‌డీలో ఎప్పటినుంచో ఉంది. నాకు కావలసినవి నేను అందులో రాసుకుంటాను. పోడ్‌మన్ ప్యాకేజీ తనకు కావలసినవి తానే అక్కడ పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లు మౌంట్ చేసే యూడిస్క్స్ రూట్‌గానే నడుస్తుంది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ రాదు.

ఈ స్విచ్ అన్ని రోగాలకూ మందని కూడా నేను చెప్పడం లేదు. 2024లో అందర్నీ పరిగెత్తించిన సీవీఈ-2024-1086 ఎన్‌ఎఫ్‌-టేబుల్స్ అనే ఫైర్‌వాల్ మాడ్యూల్‌లోది. ఫైర్‌వాల్ ఉన్న చాలా సర్వర్లలో ఆ మాడ్యూల్ అప్పటికే లోపల ఉంటుంది, అలాంటి చోట ఈ స్విచ్ ఏమీ చేయలేదు. అయితే ఆ కోడ్‌ను వేలమంది రోజూ వాడుతున్నారు, చూస్తున్నారు, దాని వల్ల నాకు లాభం ఉంది కాబట్టే ఆ రిస్క్ నేను తీసుకున్నాను. డీసీసీపీ రిస్క్ మాత్రం నేను తీసుకున్నది కాదు, నా నెత్తిన పడింది.

కాబట్టి కెర్నెల్ నిర్వాహకులను నేను కోరేది ఇది. ఆ మూడు మెట్ల సెట్టింగ్‌ను, మెషీన్ మొత్తానికి వర్తించే భాగం వరకైనా, మళ్లీ చేతిలోకి తీసుకోండి. డిఫాల్ట్ సున్నాగానే ఉంచండి, ఎవరి ప్రోగ్రామూ విరగదు. అధికారం ఉందా అని చూసేటప్పుడు అసలు సిస్టమ్ మీద ఉన్న అధికారాన్నే చూడండి. యూజర్ నేమ్‌స్పేస్ (సొంత యూజర్ల లెక్క ఉండే విడి ప్రపంచం) సృష్టించుకుని అందులో తాను రూట్‌నని చెప్పుకునే ప్రాసెస్ మాటను లెక్కలోకి తీసుకోకండి, లేకపోతే తలుపు వేసి కిటికీ తెరిచినట్టే. వద్దన్న ప్రతిసారీ ఏ ప్రోగ్రామ్, ఏ యూజర్, ఏ మాడ్యూల్ అడిగాడో లాగ్‌లో ఒక లైన్ రాయండి. వీలైతే, ఆపకుండా లాగ్ మాత్రమే రాసే పద్ధతి కూడా ఒకటి ఇవ్వండి. ఒక సెమిస్టర్ పాటు అలా నడిపి చూస్తే మా సర్వర్‌కు నిజంగా ఏవి కావాలో తేలిపోతుంది. ఆ జాబితా రాసుకుని గడియ పెట్టుకుంటాం.

డిస్ట్రోలను కోరేది, అది వచ్చిన రోజున సర్వర్ ఎడిషన్లలో విలువ ఒకటిగా పెట్టి ఇవ్వమని. ఆలోగా, బ్లాక్‌లిస్ట్‌కూ ఇన్‌స్టాల్ ఆదేశానికీ ఉన్న తేడాను మీ అడ్మిన్ గైడ్‌లలో మొదటి పేజీల్లోనే స్పష్టంగా చెప్పండి. 5.1 నుంచి ఉన్న లైన్ డిసిప్లిన్ సెట్టింగ్‌ను సున్నాగా పెట్టి ఇవ్వడానికి ఇవాళే మీకు అడ్డేమీ లేదు.

సీడాక్ ఇంజనీర్లకు ప్రత్యేకంగా ఒక మాట. బాస్ డెబియన్ మీద కట్టినది. ప్రభుత్వ కార్యాలయాలూ, బడులూ వాడాలని తయారుచేస్తున్నది. ఒకే కంప్యూటర్‌ను రోజూ పదిమంది పిల్లలు మార్చి మార్చి వాడే బడి ల్యాబ్‌లో లోకల్ యూజర్‌ను నమ్మవచ్చన్న ఊహ నిలవదు. ఒక బడి కంప్యూటర్‌కు ఎన్ని నెట్‌వర్క్ ప్రోటోకాళ్లు కావాలో మీకు ముందే తెలుసు, ఎందుకంటే ఆ ఇమేజ్ తయారుచేసేది మీరే. అనుమతించినవి తప్ప మరేదీ తనంతట లోడ్ కాని ఎడిషన్ ఒకటి మీరు ముందుగా విడుదల చేయగలిగితే, మిగతా డిస్ట్రోలకు చూపించడానికి మా దగ్గర ఒక నడుస్తున్న ఉదాహరణ ఉంటుంది.

ఆ ప్యాచ్‌లు మళ్లీ ఏ రూపంలో ముందుకు వచ్చినా పరీక్షించడానికి మా ల్యాబ్‌లో రెండు పాత సర్వర్లు పక్కన పెట్టి ఉంచాను. విద్యార్థుల మామూలు పనులన్నీ వాటి మీద నడిపించి, ఏది ఆగిందో, ఏది ఆగలేదో లాగ్‌లతో సహా పంపిస్తాను. మన దగ్గర సర్వర్లు చూసుకునే మిగతావాళ్లూ తమ మెషీన్లలో ఈ రోజు లోడ్ అయి ఉన్న మాడ్యూళ్ల జాబితా ఒకసారి తీసి, వాటిలో తాము అడిగినవి ఏవో గుర్తించి, ఆ వివరాలు ఈ లేఖకు జత చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
కాలేజీ సర్వర్లు చూసుకునే ఒక సిస్టమ్ అడ్మిన్,
వరంగల్